మంచు నదిలో తామరలు

మన కావ్యలోకంలో తామరకు మంచు ఆగర్భశత్రువు. హేమంత వర్ణనకు పూనుకొన్న కవి మంచు సోకి కమిలిన కొలనును ఒక్కసారి అయినా తలవక మానడు. సుందరకాండలో ఆదికవి అశోకవనంలోని సీతను మంచుదెబ్బ తిన్న తామరతీగతో పోల్చిన నాటినుంచి ఈ భావన మన సాహిత్యంలో తరతరాలుగా సాగి వస్తున్నది. తామర ఉన్నచోట మంచు ఉండరాదు. మంచు ఉన్నచోట తామర బ్రతకరాదు. ఇంతగా స్థిరపడిన కవిసమయాన్ని రష్యాదేశంలోని ఒక నది ఏటేటా నిశ్శబ్దంగా భంగపరుస్తూ ఉన్నదంటే సాహిత్యాభిమానులకు కొంత వింతగానే తోస్తుంది.

ఆ నది వోల్గా. డిసెంబరులో గడ్డకట్టి, మార్చి నడుమకు గాని కరగని నీటిలో, జూలై నడుమనుంచి సెప్టెంబరు వరకు తామరలు విరగబూస్తాయి. పళ్ళెమంత పువ్వు, గొడుగంత ఆకు. ఒకటి రెండు మడుగులు కాదు, కనుచూపు మేర. ఈ వింత జరిగే చోటు అస్త్రఖాన్ మండలం. వోల్గా తన 3,530 కిలోమీటర్ల ప్రయాణాన్ని ముగించి కాస్పియన్ సముద్రంలో కలిసేది అక్కడే.

ఉత్తరాన వోల్గోగ్రాద్ మండలం, పడమట కల్మీకియా, తూర్పున కజఖ్‌స్థాన్, దక్షిణాన కాస్పియన్ ఎల్లలుగా ఉన్న ఈ మండలం వైశాల్యం సుమారు 49,000 చదరపు కిలోమీటర్లు. ఈ నేలలో అధికభాగం ప్రపంచ మహాసముద్రాల మట్టానికి దిగువన ఉన్నది. అస్త్రఖాన్ నగరమే సుమారు 25 మీటర్ల దిగువన నిలిచి ఉన్నది. ఇది మాటల గారడీ కాదు. కాస్పియన్‌కు మహాసముద్రాలతో సంబంధం లేదు. అది తనకు తానే ఒక లోకం. దాని మట్టం మరింత దిగువన ఉండబట్టి, ఇంత పల్లపు నేలమీదనుంచి కూడా నదికి ఇంకా క్రిందికి దారి దొరుకుతున్నది.

రష్యా అనగానే మనకు మంచు, అడవులు తోస్తాయి. అస్త్రఖాన్ ఆ ఊహకు లొంగదు. రష్యా యూరపు భాగంలో ఇంత ఎండిన సీమ మరొకటి లేదు. ఏడాది మొత్తంమీద కురిసేది 200 మిల్లీమీటర్లకు కొంచెం మించిన వాన. జూలై సగటు ఉష్ణోగ్రత 25 డిగ్రీల పైన. నడివేసవిలో 40 డిగ్రీల దరిదాపులకు పోయే దినాలున్నవి. జనవరి సగటు సున్నకు నాలుగైదు డిగ్రీల దిగువనే కాని, ఉత్తరపు గాలి తెంపులేక వీచిన సంవత్సరాలలో 30 డిగ్రీల దిగువకు పోయిన రాత్రులు కూడా ఉన్నవి. సముద్రం ప్రక్కనే ఉన్నదన్నమాటే గాని, నాలుగు వైపులా నేల కమ్ముకొన్న ఆ చిన్న సముద్రం చలిని గాని ఎండను గాని మెత్తబరచలేదు. పైగా దాని ఉత్తర భాగమే చలికాలంలో గడ్డకట్టుకొని కూర్చుంటుంది.

వేసవిలో తూర్పు ఎడారులనుంచి వచ్చే పొడిగాలిని రష్యనులు సుఖొవేయ్ అంటారు. పేరులోని ‘సుఖం’ చూసి తెలుగువారు మోసపోరాదు. ఆ మాటకు అర్థం ‘ఎండుగాలి’. అది రెండు మూడు దినాలు వీచిందంటే పాలుపోసుకొంటున్న కంకి పొల్లయిపోతుంది. అక్కడి నీటి ఉపరితలంనుంచి ఏటా ఆవిరయ్యేది దాదాపు ఒక మీటరు. అంటే ఆకాశం ఇచ్చినదానికి నాలుగైదు రెట్లు తిరిగి పుచ్చుకొంటున్నదన్నమాట. నదికి దూరంగా నడచి చూస్తే మాచిపత్రి జాతి చేదు పొదలు, ఇసుక దిబ్బలు, ఉప్పు చౌళ్ళు తప్ప వేరొకటి కానరాదు. ఈ మండలంలోని బస్కున్‌చాక్ సరస్సు నిజానికి నీటికంటె ఉప్పే ఎక్కువగా ఉన్న తెల్లని పళ్ళెం. రష్యా వంటయిళ్ళకు తరతరాలుగా ఉప్పు అందిస్తున్నది. దాని గట్టున 150 మీటర్ల ఎత్తున బోగ్దో కొండ ఉన్నది. మరొకచోట దానిని గుట్ట అనేవారేమో! ఆ సమతలంలో అదే పర్వతం. కల్మీకు బౌద్ధులకు అది పవిత్రం కూడా.

ఇటువంటి నేలలో తామర పూయడానికి నీరు ఎక్కడినుంచి వచ్చింది?

అస్త్రఖాన్ బ్రతుకంతా ఈ ప్రశ్నలోనే ఉన్నది. ఆ నీరు అక్కడిది కాదు. మాస్కోకు వాయవ్యంగా వాల్దాయ్ కొండలలో, వోల్గోవెర్ఖోవ్యె అనే పల్లెవద్ద, 228 మీటర్ల ఎత్తున ఒక ఊట మొదలవుతుంది. నీజ్నీ నోవ్‌గొరద్ వద్ద ఒకా నది వచ్చి కలుస్తుంది. కజాన్ దాటిన పిమ్మట ఉరల్ పర్వతాల నీటిని మోసుకొని కామా చేరుతుంది. పరీవాహక ప్రాంతం 13 లక్షల 60 వేల చదరపు కిలోమీటర్లు. వోల్గోగ్రాద్ దాటి వచ్చిన తరువాత మాత్రం చెప్పుకోదగిన ఉపనది ఒక్కటి కూడా వచ్చి కలవదు. అక్కడినుంచి సముద్రందాకా నది ఇచ్చుకొంటూ పోవడమే గాని పుచ్చుకోవడం లేదు. మూలంనుంచి ముఖందాకా కిలోమీటరుకు సగటున ఏడు సెంటీమీటర్ల వాలు మాత్రమే. అందువలన తొందరపాటు దాని స్వభావంలోనే లేదు.

వోల్గా నీటిలో సుమారు అయిదింట మూడు వంతులు ఉత్తరాన కరిగిన మంచు. ఆరునెలలపాటు అడవులలో, పొలాలలో, పల్లెల ఇళ్ళకప్పులమీద పేరుకొన్న మంచు ఏప్రిల్‌లో కరిగి ఒక్క పెట్టున కదులుతుంది. అస్త్రఖాన్‌లో మే నెలలో, నిర్మలాకాశం క్రింద, ఆ వరద వచ్చి పొలాలను ముంచుతుంది. తామరకు మంచు శత్రువన్న కవిసమయం ఇక్కడ పూర్తిగా తలక్రిందులైంది. అక్కడి తామర త్రాగుతున్నది మంచునే.

వోల్గోగ్రాద్‌కు కాస్త ఎగువన అఖ్తూబా అనే పాయ ఎడమవైపున చీలి, అసలు నదికి జంటగా 450 కిలోమీటర్లకు పైగా ప్రవహిస్తుంది. రెంటి నడుమనున్న పల్లపు నేల వరద వచ్చినపుడు ఏకజలమయమై, వరద తీయగానే పచ్చికబయలవుతుంది. ఇటు ఎడారి, అటు ఎడారి, నడుమ ఈ పచ్చని పట్టెడ. అస్త్రఖాన్ పుచ్చకాయలకు రష్యా అంతటా పేరున్నది. ఎండ, ఒండ్రు, నది నీరు మూడూ కలిసిన చోట పుట్టిన తీపి అది. ఆగష్టులో మాస్కో బజారులో పుచ్చకాయ అమ్మేవాడు అది ఎక్కడిదైనా సరే అస్త్రఖాన్‌దనే చెబుతాడట!

అస్త్రఖాన్‌కు ఎగువన బుజాన్ పాయ చీలినచోట మొదలయ్యే నదీముఖం యూరపులోకెల్లా పెద్దది. పాయలు, పిల్లపాయలు కలిపి వందల సంఖ్యలో ఉన్నవి. ఆ లంకల నడుమ, తూర్పు పడమరలుగా, దువ్వెనతో గీసినట్లు వరుసగా పొడవాటి దిబ్బలు కానవస్తాయి. 1850లలో కాస్పియన్ తీరాన్ని పరిశీలించిన కార్ల్ ఎర్నెస్ట్ ఫోన్ బేర్ పేరిట వీటిని ‘బేర్ దిబ్బలు’ అంటారు. ఏడెనిమిది మీటర్ల ఎత్తు. కొన్ని అంతకంటె ఎక్కువ. వీటి పుట్టుకను గురించి శాస్త్రజ్ఞులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు గాని, పల్లెవాసులకు ఆ చర్చతో పనిలేదు. వరద అందని చోటు కాబట్టి ఇల్లు దిబ్బమీద, గోరీ కూడా దిబ్బమీదనే. అస్త్రఖాన్ కోట సైతం ఇటువంటి దిబ్బమీదనే వెలసింది. 1556లో ఇవాన్ చక్రవర్తి తాతారు ఖానునుంచి ఈ సీమను జయించాడు. 1558లో నేటి నగరం పుట్టింది. 1580లలో రాతికోట లేచింది. ఆ కోటకు వాడిన ఇటుకలలో చాలాభాగం అఖ్తూబా ఒడ్డున పాడువడిన సరాయ్ నగరంనుంచి పడవలపై తెచ్చినవి. చెంగిజ్ ఖాను మనుమల రాజధాని గోడలు ఈ విధంగా రష్యను కోట గోడలైనవి.

ఆ సరాయ్ వైభవాన్ని కళ్ళారా చూసినవాడు ఇబన్ బతూతా. 1330లలో ఆయన ఈ ఊరికి వచ్చినపుడు దీని పేరు హాజీ తర్ఖాన్. సుల్తాను చలి ముదిరేదాకా అక్కడే విడిదిచేసి, నది గడ్డకట్టగానే దానిపై వేల బండ్ల గడ్డి పరపించి, బండ్లమీద మంచుదారిన సరాయ్‌కి పోయేవాడని ఆయన వ్రాశాడు. చలికాలపు చివర ఆ దారిని నమ్ముకొని మునిగిపోయినవారూ ఉన్నారని కూడా చెప్పాడు. ఆ మంచుమీద బండి తోలించుకొన్న యాత్రికుడే కొన్నేండ్లకు ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో న్యాయాధికారి అయినాడు.

దక్షిణంగా ఇంకా పోతే నేల ఎక్కడ ముగిసిందో, సముద్రం ఎక్కడ మొదలైనదో చెప్పడం కష్టం. మనిషికి రెండింతల ఎత్తు రెల్లు, ఆ తరువాత పదుల కిలోమీటర్లవరకు మొలలోతు నీరు. ఉత్తర కాస్పియన్ సగటు లోతే అయిదారు మీటర్లు. దక్షిణపు గాలి బలంగా వీస్తే సముద్రపు నీరు పాయలలోకి ఎదురెక్కుతుంది. దానిని అక్కడివారు మోర్యానా అంటారు. ఉత్తరపు గాలి వీస్తే నీరు వెనుదీసి అడుగు బయటపడుతుంది. ఒడ్డు అనేది అక్కడ గాలి ఇష్టాన్ని బట్టి మారే గీత. మే, జూను నెలలలో లేచే నుసుముల గుంపులు చెప్పనలవి కావు. తలకు వల టోపీ లేనిదే పొలానికి పోవడం సాధ్యపడదు. ప్రకృతి సౌందర్య వర్ణన చేసేవారు ఈ నుసుములను సామాన్యంగా మరచిపోతూ ఉంటారు.

తామరలు ఉన్నది ఈ లోతుతక్కువ నీటిలోనే. పైన మంచుపలక ఎంత మందంగా కట్టినా అడుగునున్న బురద గడ్డకట్టదు. తామరదుంప ఆ బురదలో ఒదిగి చలికాలం గడుపుతుంది. మే నెలలో మంచు నీరు వచ్చి, జూలైలో ఎడారి ఎండ ఆ నీటిని గోరువెచ్చన చేయగానే మొగ్గ పైకి వస్తుంది. అక్కడి ప్రజలు దీనిని ‘కాస్పియన్ గులాబి’ అన్నారు. తామర అన్న పేరు తెలియని చోట గులాబి అనడంకంటె గొప్ప సన్మానం మరేముంటుంది!

ఈ పువ్వు అక్కడికి ఎట్లా వచ్చింది? కల్మీకు బౌద్ధులు తెచ్చి నాటారని ఒక గాథ. దూరదేశపు పక్షులు విత్తనాలు తెచ్చాయని మరొకటి. అనాదినుంచి అక్కడిదేనని వాదించే వృక్షశాస్త్రజ్ఞులూ ఉన్నారు. కల్మీకులు 17వ శతాబ్దిలో మధ్య ఆసియానుంచి వచ్చి పడమటి మైదానాలలో నిలిచిన మాట నిజం. నెపోలియన్‌పై విజయానికి గుర్తుగా 1814–18 నడుమ వారు కట్టిన ఒక బౌద్ధాలయం వోల్గా ఒడ్డున రెచ్నోయె పల్లెలో నేటికీ ఉన్నది. తామరను వారు పూజించారనడంలో సందేహం లేదు. తెచ్చారనడానికి రుజువు లేదు.

పువ్వు సంగతి ఎట్లున్నా, భారతీయులు మాత్రం అస్త్రఖాన్‌కు రావడం చరిత్ర. 17వ శతాబ్దినుంచి ముల్తాను, సింధు, పంజాబు ప్రాంతాల వర్తకులు ఇరాను మీదుగా కాస్పియన్ దాటి వచ్చి అక్కడ తమకంటూ ఒక వర్తకశాల ఏర్పరచుకొన్నారు. దానిలోనే ఒక చిన్న దేవాలయం. ప్రకృతిశాస్త్రజ్ఞుడు పల్లాస్ 1793లో ఆ పూజావిధానాన్ని చూసి వివరంగా వ్రాసి పెట్టాడు. కొందరు తాతారు స్త్రీలను వివాహమాడారు; వారి సంతతిని అగ్రిజానులన్నారు. క్రమంగా ఆ వంశాలు తాతారులలో కలిసిపోయినవి.

వీరికంటె ముందే, 15వ శతాబ్ది ద్వితీయార్ధంలో, ఎదురుదిశగా ప్రయాణించిన అఫనాసీ నికీతిన్ కథలో మనకు మరింత దగ్గరి బంధుత్వం ఉన్నది. వోల్గా ఎగువనున్న త్వేర్ నగరంనుంచి సరుకుతో బయలుదేరిన ఆ వర్తకుణ్ణి అస్త్రఖాన్ వద్ద తాతారులు దోచుకొన్నారు. ఇంటికి పోతే అప్పులు. అందువలన ముందుకే సాగాడు. బాకూ, హోర్ముజ్ మీదుగా పడమటి తీరాన దిగి, బహమనీల బీదరు చేరాడు. అక్కడినుంచి హిందువులతో కలిసి శివరాత్రికి ‘పర్వత్’ అనే మహాక్షేత్రానికి పోయి, ఆ తిరునాళ్ళను, శిల్పాలను, నందిని వర్ణించాడు. ఆ పర్వతం మన శ్రీశైలమేనని పరిశోధకులు గుర్తించారు. వోల్గా వద్ద సర్వం కోల్పోయిన మనిషి కృష్ణ ఒడ్డున మల్లన్న తిరునాళ్ళలో తేలడం ఏ కథకుడూ కల్పించలేని మలుపు. తిరుగు ప్రయాణంలో సొంత ఊరు చేరకముందే స్మోలెన్స్క్ సమీపంలో ఆయన మరణించాడు.

ఇటీవలి కాలానికి వస్తే, భారతదేశపు తొలి ఉపగ్రహం ‘ఆర్యభట’ 1975 ఏప్రిల్ 19న ఆకాశానికి ఎగసినది ఈ మండలంలోని కపూస్తిన్ యార్‌నుంచే.

ఈ నదీముఖాన్ని రక్షించడానికి 1919 ఏప్రిల్‌లో ఒక అభయారణ్యం ఏర్పడినది. అంతర్యుద్ధం నడుస్తున్న దినాలలో పక్షులను గురించి ఆలోచించినవారు ఉండడం ఆశ్చర్యం! ఐరోపా స్త్రీల టోపీలకోసం తెల్లకొంగలను తుదముట్టిస్తున్న కాలమది. ఆ ప్రయత్నంలో ముందు నిలిచిన పక్షిశాస్త్రజ్ఞుడు వ్లదీమిర్ ఖ్లేబ్నికొవ్. ఆయన కుమారుడే రష్యను కవిత్వపు మాటల మూలాలను కదిపి చూసిన వెలిమీర్ ఖ్లేబ్నికొవ్. ఈ నగరం పాతపేరుతోనే ‘హాజీ తర్ఖాన్’ అనే కావ్యం వ్రాసినవాడు.

అయితే కొంగలను వేటగాళ్ళనుంచి కాపాడవచ్చును గాని, నీటిని ఎవరినుంచి కాపాడాలి? వోల్గామీద ఒకటి తరువాత ఒకటిగా ఎనిమిది ఆనకట్టలు లేచినవి. చివరిది వోల్గోగ్రాద్ వద్దది. 1958లో విద్యుత్తు మొదలై, 1961 నాటికి పూర్తి అయినది. అప్పటినుంచి ఉత్తరపు మంచు కరిగి నేరుగా అస్త్రఖాన్ చేరడం ఆగిపోయింది. జలాశయాలలో నిలిచి, చలికాలంలో దీపాలు వెలిగించడానికి కొంత పోయి, మిగిలినది లెక్క ప్రకారం వసంతంలో విడుదల అవుతుంది. ఆ లెక్కలో రెండు మెట్లున్నవి. మొదటిది వ్యవసాయానిది: సెకనుకు 25,000 ఘనపు మీటర్ల దరిదాపుగా వదలి పచ్చికబయళ్ళను ముంచడం. రెండవది చేపలది: కొంత తగ్గించి, గుడ్లు పెట్టి పిల్లలు ఈదగలిగేదాకా నీటిని నిలిపి ఉంచడం. తక్కువ నీరున్న ఏడు ఈ మెట్లు కుదించుకుపోతాయి. నీరు తొందరగా తీసేస్తే పచ్చికలో పెట్టిన గుడ్లు ఎండకు మాడిపోతాయి. పూర్వం సూర్యుడు నిర్ణయించిన వరద నేడు కార్యాలయంలో నిర్ణయమవుతున్నది. అందువలన విద్యుత్తువారు, రైతులు, జాలరులు, నావికులు ఏటేటా ఒకే నీటికోసం వాదులాడక తప్పడం లేదు.

అందరికంటె ఎక్కువ నష్టపోయినది వాదులాడలేని స్టర్జన్ చేప. ఆ జాతిలో పెద్దదైన బెలూగా నూరేండ్లు బ్రతకగలదు; వేయి కిలోలకు పైబడి తూగినవి దొరికిన సందర్భాలున్నవి. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలో వందల కిలోమీటర్లు ఎదురీదే ఈ చేపకు వోల్గోగ్రాద్ ఆనకట్ట గోడ అయి నిలిచింది. చేపలను ఎత్తి దాటించే యంత్రాన్ని అమర్చారు గాని, పోయిన చోటును అది తిరిగి ఇవ్వలేకపోయింది. పెంపకపు కేంద్రాలలో పొదిగిన పిల్లలను కోట్ల సంఖ్యలో వదిలినందువలన జాతి కొంతకాలం నిలదొక్కుకొన్నది. సోవియట్ రాజ్యం 1991లో విచ్ఛిన్నం కాగానే నల్లని చేపగుడ్లకోసం దొంగవేట విజృంభించినది. రష్యా 2000లో బెలూగా వ్యాపారపు వేటను, 2005లో తక్కిన స్టర్జన్‌ల వేటను నిషేధించక తప్పలేదు. అస్త్రఖాన్ పేరు చెప్పగానే లోకానికి గుర్తు వచ్చే పదార్థం నేడు చెరువులలో పెంచిన చేపలనుంచి వస్తున్నది.

ఇక సముద్రం సంగతి. కాస్పియన్‌కు చేరే నదీజలాలలో అయిదింట నాలుగు వంతులు వోల్గావే. అది తగ్గితే సముద్రమే తగ్గుతుంది. 1977 నాటికి కాస్పియన్ మట్టం మహాసముద్రాలకు 29 మీటర్ల దిగువకు పడిపోయింది. భయపడిన పాలకులు తూర్పుతీరాన నీటిని ఆవిరిచేసే కరా-బొగాజ్-గోల్ అఖాతానికి 1980లో అడ్డుకట్ట వేయించారు. తీరా చూస్తే అప్పటికే సముద్రం పెరగడం ఆరంభించినది! అడ్డుకట్ట మూలంగా అఖాతం కొద్ది ఏండ్లలోనే ఉప్పు ఎడారి అయినది. 1992లో దానిని తొలగించవలసి వచ్చింది. 1995 వరకు సముద్రం రెండు మీటర్లకు పైగా పెరిగి తీరపు పల్లెలను ముంచి, ఆ పిమ్మట మళ్ళీ వెనుదీయసాగింది. 2020ల నడుమకు వచ్చేసరికి 1977 నాటి మట్టంకంటె కూడా దిగువకు పోయింది. ఈసారి వెచ్చబడుతున్న గాలి ఆవిరిని పెంచుతున్నది కనుక పూర్వంవలె దానంతట అదే తిరిగి పెరుగుతుందని చెప్పే ధైర్యం శాస్త్రజ్ఞులకు లేదు. భారత, ఇరాను, రష్యా దేశాలు 2000లో ఒప్పందం చేసుకొన్న ఉత్తర-దక్షిణ వర్తకమార్గం ఈ నదీముఖంగుండానే పోవాలి. పూర్వం ముల్తాను వర్తకులు వచ్చినది కూడా ఈ దారినే. అయితే అస్త్రఖాన్‌నుంచి లోతు నీటిదాకా తవ్విన 180 కిలోమీటర్లకు పైబడిన నావకాలువను ఒండ్రు పూడుస్తూనే ఉన్నది. తవ్వోడలు తీస్తూనే ఉన్నవి.

వీటన్నిటి నడుమ తామర మాత్రం పెరుగుతున్నది. అభయారణ్యం ఏర్పడిన నాడు కొద్దిపాటి మడుగులలో మిగిలిన మొక్క నేడు వేల హెక్టార్లు ఆక్రమించినది. రక్షణ ఒక కారణం; సముద్రం వెనుదీయడం మరొకటి. లోతు తగ్గినచోట ముందు ఇసుకమేట, తరువాత రెల్లు, వాటికి ముందువరుసలో తామర. సముద్రం ఒక అడుగు వెనుకకు వేస్తే పువ్వు ఒక అడుగు ముందుకు వేస్తున్నది. వాటిని చూడడానికి జూలై చివర జనం పడవలపై వస్తారు. లోపలికి పోయేకొద్దీ ఇంజను ఆపి, కులాస్ అనే సన్నని దోనెలోకి మారవలసి ఉంటుంది. దోనెవాడు గడకర్రను నీటిలో దింపి లోతు చూసుకొంటాడు. నీరు చాలకపోతే దోనెను వెనుకకు తిప్పి మరొక పాయ వెదుకుతాడు.